పోస్టులో వచ్చిన వంట

విదేశీయులకి భారతీయ వంట నేర్పిన నటి, రచయిత్రి మధుర్ జాఫ్రీకి వంట నేర్పింది కాలేజీ కాదు, హోటల్ కిచెనూ కాదు. పోస్టాఫీసు. 1950ల మధ్యలో నటన చదువుకోడానికి లండన్‌లోని రాడా అనే నాటక శిక్షణ సంస్థకి వెళ్లేనాటికి ఆమెకి వంట రాదు. ఢిల్లీలో పెద్ద ఉమ్మడి కుటుంబం, వంటవాళ్లున్న ఇల్లు, ఇక పొయ్యి దగ్గరికి వెళ్లే అవసరం ఏముంటుంది? స్కూల్లో వంట పరీక్ష తప్పింది కూడా. లండన్ తిండి గొంతు దిగక అమ్మకి ఉత్తరం రాస్తే, ఏది ఎలా వండాలో ఆవిడ తిరుగు టపాలో రాసి పంపేది.

ఆమె కెరీర్ రహస్యమంతా ఈ ఉత్తరాల్లోనే ఉందని నా అభిప్రాయం. అమ్మ పక్కన నిలబడి నేర్చుకుంటే "కాస్త వెయ్యి", "చూస్తే నీకే తెలుస్తుంది" అనే మాటలతో పని జరిగిపోతుంది (మనిళ్లలో ఉప్పుకి కొలత అడిగి చూడండి, ఎవరైనా చెబుతారేమో). వేల మైళ్ల అవతల, పరాయి దేశంలో, కాగితం చేత్తో పట్టుకుని వండేవాళ్లకి అది కుదరదు. నాలుకకి రుచి గుర్తుంది, చేతికి పని తెలీదు, ఆ మధ్య దూరాన్ని ఆమె ఒక్కతే తడుముకుంటూ దాటింది. అందుకే తర్వాత విదేశీయులకి నేర్పేటప్పుడు కొత్తవాళ్లు ఎక్కడ తడబడతారో ఆమెకి ముందే తెలుసు. పుట్టుకతో వచ్చినట్టు వండేవాళ్లకి ఇది తెలియదు.

నిజానికి ఆమె కోరుకున్నది వంట కాదు. 1965లో 'షేక్స్‌పియర్ వాలా' సినిమాకి బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు వచ్చింది. మరుసటి ఏడాది న్యూయార్క్ టైమ్స్ ఆమె గురించి రాసింది కానీ, రాసినాయన ఆహార విభాగం ఎడిటర్ క్రెయిగ్ క్లైబోర్న్! సినిమాకి ప్రచారం దొరుకుతుందని నిర్మాత ఇస్మాయిల్ మర్చంట్ వేసిన ఎత్తు అది. దాంతో సినిమాకి ఎంత ఒరిగిందో ఏమో, ఆమెకి మాత్రం వంటావిడ అనే ముద్ర పడిపోయింది. అప్పటి అమెరికాలో భారతీయ నటికి వేషాలెక్కడివి? పెళ్లి విడిపోయింది, ముగ్గురు కూతుళ్లు. వంట గురించి రాస్తే డబ్బులొచ్చాయి, రాసింది, 1973లో మొదటి పుస్తకం వచ్చింది. దీన్ని 'హాబీనే కెరీర్‌గా మార్చుకున్న విజయగాథ' అని మురిసిపోతూ రాసేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

1982లో బీబీసీ టీవీలో ఆమె వంటల సిరీస్ వచ్చింది. కర్రీ పౌడరే భారతీయ వంట అనుకునే జనానికి ఆమె ఒక్కో మసాలా దినుసునీ విడిగా చూపించి, ఎప్పుడు వెయ్యాలో, ఎందుకు వెయ్యాలో చెప్పింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో తెలిసిన నటి కదా, కెమెరా ముందు బెరుకు లేదు. ఒక ఎపిసోడ్‌లో కొత్తిమీర వాడితే మాంచెస్టర్‌లో కొత్తిమీర అయిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

పేచీలు లేవా అంటే ఉన్నాయి. మొదటి పుస్తకం ప్రధానంగా ఢిల్లీ చుట్టుపక్కల వంట. ఆ సంగతి ఆమె దాచలేదు, అయినా బయట చాలామంది దాన్నే దేశం మొత్తం వంట అనుకున్నారు. 'కర్రీ' అనే మాటే మన వంటకి అవమానం అని అందులో రాసిన మనిషి, 2003లో అదే మాట టైటిల్లో పెట్టి ఇంకో పుస్తకం వేసింది. మార్కెట్‌తో ఎంతకాలమని పోట్లాడతారు!

2022లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. జాబితాలో ఆమె పేరు కళల విభాగంలో లేదు, పాకశాస్త్రం కింద ఉంది.