పదో నంబరు అంటే పదికి పది మార్కులు కాదు

వానాకాలం వస్తే చాలు, ఒక వాట్సాప్ సందేశం మళ్లీ తిరుగుతుంది. రేవుల్లో ఒకటి నుంచి పది దాకా ఎగరేసే నంబర్లు తుఫాను బలానికి మార్కులట. భారీ, అతి భారీ అనేవి జనాన్ని బెదరగొట్టే విశేషణాలట. రెడ్ అలర్ట్ ఇచ్చిన జిల్లాలో మన వీధిలో చినుకు పడలేదంటే అదంతా ఉత్తిదేనట.

మొదట నంబర్ల సంగతి. 1, 2 ఎక్కడో దూరాన సముద్రంలో ఉన్న వాయుగుండం, తుఫాను గురించి. 3, 4 వస్తే రేవుకే ఈదురుగాలుల బెడద. అసలు ‘ప్రమాదం’ అనే మాట 5తో మొదలవుతుంది. ఒకటో నంబరుకే ‘ప్రమాద హెచ్చరిక’ అని శీర్షిక పెట్టేది మన పత్రికలూ చానళ్లే, ఈ గందరగోళంలో వాటికీ వాటా ఉంది. 5, 6, 7 తుఫానుకు, 8, 9, 10 తీవ్ర తుఫానుకు. ఈ మూడేసి నంబర్ల మధ్య తేడా బలంలో లేదు, దారిలో ఉంది. తుఫాను వెళ్లే దిక్కుకు రేవు ఎడమన ఉంటే 8, కుడిన ఉంటే 9, రేవు మీదుగానో పక్కనుంచో పోతే 10. పడవలవాళ్లకు ఈ తేడా ప్రాణం మీది సంగతి. మన తీరంలో పడమరకు కదిలే తుఫానుకు కుడివైపంటే ఉత్తరం. అక్కడ గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది, ఉప్పెన భయం అటే ఎక్కువ. పది తర్వాత పదకొండు కూడా ఉంది. తుఫాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. మార్కులే అయితే పదికి పదకొండు ఎలా వస్తాయి?

విశేషణాలంటారా, వాటికి కొలతలున్నాయి. 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ‘కుండపోత’కు మాత్రం ఏ కొలతా లేదు, అది టీవీ వాళ్ల సరుకు.

ఇక రెడ్. వాతావరణ శాఖ పట్టికలో పసుపు గమనిస్తూ ఉండమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు చర్యకు దిగమని. ‘అలర్ట్’ అనే మాట అక్కడ నారింజకే ఉంది, ఎరుపుకు ‘వార్నింగ్’. ఆ రంగు జిల్లాకు వేస్తారు, మీ వీధికి కాదు. బులెటిన్‌లో ‘ఒకటి రెండు చోట్ల’ అని ఉంటే, జిల్లాలోని వాన కొలిచే కేంద్రాల్లో పాతిక శాతానికి మించదని లెక్క. మిగతా ముప్పాతిక పొడిగా ఉన్నా ఆ అంచనా తప్పినట్టు కాదు.