సవరణ: ఊసరవెల్లి రంగు గురించి

"రోజుకో వింత, రోజుకో జోకు" పోస్టుల్లో మొన్న ఊసరవెల్లి ఏ రంగు వస్తువు మీద కూర్చుంటే ఆ రంగులోకి మారిపోతుందని రాశాను. అది తప్పు. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే కదా అని సరిచూడకుండా పెట్టేశాను.

ఎర్ర బకెట్ మీద కూర్చోబెట్టినంత మాత్రాన ఊసరవెల్లి ఎర్రబడదు. దాని రంగు మారేది ముఖ్యంగా మూడ్‌ని బట్టి, వేడిని బట్టి. పొద్దున్నే చలిగా ఉంటే ఒళ్ళు ముదురు రంగుకు తిప్పుకుని ఎండ కాచుకుంటుంది. మడగాస్కర్‌లోని పాంథర్ ఊసరవెల్లుల మీద జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, చర్మంలో గ్వానిన్ అనే పదార్థంతో ఏర్పడ్డ, కంటికి కనిపించని స్ఫటికాలు ఉంటాయి. ప్రశాంతంగా ఉన్నప్పుడు అవి దగ్గరదగ్గరగా ఉండి నీలం వెలుగును తిప్పికొడతాయి. చర్మంలోని పసుపు దానికి తోడై మనకు ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఇంకో మగది ఎదురైతే చాలు, టెన్షన్‌కి స్ఫటికాలు దూరం జరిగి, ఆకుపచ్చ కాస్తా పసుపు, నారింజలోకి వెళ్తుంది. అంటే దాక్కోవడానికి కాదు, "నేనిక్కడే ఉన్నా, రా చూసుకుందాం" అనడానికి!

కాబట్టి గళ్ళ లుంగీ మీద కూర్చున్న ఊసరవెల్లికి పిచ్చెక్కిందన్న జోకు జోకుగానే ఉంటుంది, సైన్సు మాత్రం కాదు.

ఇంకొకటి, ఆ పోస్టులో పెట్టిన ఫొటో తొండది. కంచె మీద తల ఎర్రగా చేసుకుని బస్కీలు తీసేది తొండ. ఊసరవెల్లికి రెండు కళ్ళూ దేని దారిన అది తిరుగుతాయి, తోకతో కొమ్మను చుట్టేస్తుంది. ఫొటో మార్చాను.