మ.రా.రా.శ్రీ ఇండెమ్నిటీ బాండ్ గారికి

ట్రాక్ ఎక్కే ముందు మా చేత సంతకం పెట్టించుకునే హామీ పత్రం, మ.రా.రా.శ్రీ ఇండెమ్నిటీ బాండ్ గారి దివ్య సముఖానికి, సెలవు దొరికితే ట్రాక్ డేలకు (సొంత బండిని రేసు ట్రాక్ మీద తోలుకోనిచ్చే రోజులకు) పరిగెత్తే ఒక అమెచ్యూర్ బైక్ రైడర్ నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ నా కుశలంతో మీకు ఏ సంబంధమూ లేదని మీరు రెండో పేరాలోనే తేల్చేశారు. అందుకని మీ కుశలం ఒక్కటే అడుగుతున్నాను. గాలికి ఎగిరిపోకుండా ఈమధ్య మీ నెత్తిన ఎవరి హెల్మెట్ పెడుతున్నారు? ఆ దారం కట్టిన పెన్ను రాస్తోందా, లేక ఇంకా నాలుగుసార్లు గీకితేగానీ పలకడం లేదా?

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో, ఇంకా ఎండ ఎక్కకముందే, ప్లాస్టిక్ టేబుల్ ముందు నిద్రకళ్లతో నిలబడే గుంపులో నేనొకణ్ణి. అక్కడ మిమ్మల్ని చదివేవాడు ఉండడు. పేరు, బ్లడ్ గ్రూపు, సంతకం, నెక్స్ట్. ఫ్లాటు కొనాలంటే లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్లు వెనక్కి తవ్వించే మనవాళ్లు, ప్రాణం రాసిచ్చే కాగితం మీద మాత్రం నిలువు కాళ్ల మీద సంతకం గీకేస్తారు. నేను మిమ్మల్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాను. వెనక నిలబడ్డ బెజవాడ కుర్రాడు "ఏంటన్నా, పరీక్షకి చదువుతున్నావా?" అని విసుక్కున్నాడు కూడా.

చదివితే కదా మీ గొప్పతనం తెలిసేది! ఈ ఆటలో దెబ్బలు తగలొచ్చని, కాళ్లూ చేతులూ పోవచ్చని, అసలు మనిషే పోవచ్చని నాకు బాగా తెలుసునని నా చేతే ఒప్పించారు. అలా పోయిన పక్షంలో నేను గానీ (పోయాక నేనెలా వస్తానో మీకే తెలియాలి), నా భార్యాబిడ్డలు గానీ, నా వారసులు గానీ, వారసుల తరఫున వచ్చే మరెవరైనా గానీ నిర్వాహకుల మీద, ట్రాక్ వాళ్ల మీద, జెండాలు ఊపే మార్షళ్ల మీద, డాక్టర్ల మీద, స్పాన్సర్ల మీద, వాళ్ల ఉద్యోగుల మీద, ఏజెంట్ల మీద దావా వేయకూడదు. శుభలేఖలో 'బంధుమిత్రుల అభినందనలతో' అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. మీరు మాత్రం ఒక్కరినీ వదల్లేదు.

ఇక 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 124వ సెక్షన్ తీసి చూస్తే నాకు కళ్లు తిరిగాయి. ఇండెమ్నిటీ అంటే నష్టం రాకుండా అవతలివాణ్ణి కాపాడతానని మాట ఇవ్వడమట. అంటే ఇక్కడ రక్షకుణ్ణి నేను! మద్రాసు ఎండలో తోలు సూటు లోపల ఉడికేది నేను. మెయిన్ స్ట్రెయిట్ చివర సీ1 అనే మలుపు దగ్గర థ్రాటిల్ వదలాలా వద్దా అని గుండె గొంతులోకి తెచ్చుకునేది నేను. తేడా వస్తే కంకరలో దొర్లేది నేను. అదే సమయంలో నీడలో కుర్చీ వేసుకుని ఫిల్టర్ కాఫీ తాగుతున్న నిర్వాహకుణ్ణి ఆపద నుంచి కాపాడాల్సిందీ నేనే.

మీ ఫోటోల పేరా మరీ ముద్దుగా ఉంది. ఆ రోజు తీసిన నా ఫోటోలు, వీడియోలు పైసా ఇవ్వకుండా ప్రచారానికి వాడుకోవచ్చట. అంటే నేను పడుతున్న ఫోటో మీది, పడ్డాక వచ్చే ఆసుపత్రి బిల్లు నాది. పంపకం బాగుంది.

అయినా మీ మీద కోపం లేదు సార్. చెప్పాలంటే అభిమానమే. నేను చేసేది ఆట అని నమ్మింది ఈ లోకంలో మీరొక్కరే.

మా నాన్నకు ఇది తిన్నది అరక్క చేసే పని. మా ఆవిడకు ఇది ఇంటి ఈఎంఐ తీరాక ఆలోచించాల్సిన పని. ఇన్సూరెన్సు పాలసీ కాగితం తిరగేస్తే ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ వీటికి మాత్రం మాకు సంబంధం లేదని ముందే చేతులు కడిగేసుకున్నారు (పేస్ మేకింగ్ అని చదివి మా ఆవిడ గుండె ఆపరేషన్ అనుకుంది). సర్కారు సంగతి చెప్పక్కర్లేదు. గ్రేటర్ నోయిడాలో ఒక ప్రైవేటు కంపెనీవాళ్లు 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్ అనే రేసు ట్రాక్ కట్టారు, 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు ఫార్ములా వన్ తెచ్చారు, మూడుసార్లూ వెటెల్ గెలిచాడు. ఇది ఆట కాదు, వినోదం అని అక్కడి సర్కారు పన్ను లెక్క తీసింది. ఆ పన్నుల గొడవల్లో నాలుగో ఏడాది రేసే రాలేదు. ఇన్ని చోట్ల గతిలేని నన్ను పట్టుకుని 'పార్టిసిపెంట్' అని పెద్దక్షరాల్లో రాసింది మీరొక్కరే. ఆ మర్యాదకైనా సంతకం పెట్టాలనిపిస్తుంది.

నా గోడు ఇది కాదు. ఇంకొకటి.

హైదరాబాద్ నుంచి మీ దర్శనానికి రావాలంటే ఆరు వందల కిలోమీటర్ల పైమాట. స్తోమత ఉన్నవాళ్లు బండిని టాటా ఏస్‌లో ఎక్కించి తెచ్చుకుంటారు. మాలాంటివాళ్లం తోలుకుంటూనే వస్తాం. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలేసి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట, అద్దంకి మీదుగా పోయి చెన్నై-కోల్‌కతా హైవే ఎక్కుతాం. కోతల కాలమైతే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. వడ్లు ఎత్తుకుపోయినా చుట్టూ పేర్చిన రాళ్లు అక్కడే ఉండిపోతాయి. రాత్రిపూట హెడ్‌లైట్ వెలుగులో అవి మీదికొచ్చాకే కనబడతాయి. తెల్లారాక, డివైడర్ మీది గన్నేరు మొక్కలకు నీళ్లు పోసే ట్యాంకర్ సరిగ్గా ఫాస్ట్ లేన్‌లో నిలబడి ఉంటుంది. దాని వెనక ఒక పెద్దాయన ఎర్రగుడ్డ ఊపుతూ ఉంటాడు. ఫ్లాగ్ మార్షల్ అన్నమాట. కాకపోతే ఆయన ముందు టైర్ల గోడ ఉండదు, చేతిలో వాకీటాకీ ఉండదు, కాళ్లకు బూట్లు కూడా ఉండవు. ఇక రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ట్రాక్టర్లంటారా, అవి హారన్ కొట్టి మరీ మనల్నే తప్పుకోమంటాయి.

ఇంత దూరంలో ఒక్కడంటే ఒక్కడు నా సంతకం అడగలేదు సార్. బ్లడ్ గ్రూపు అడగలేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లంతా పాల ప్యాకెట్‌కో, ఆఫీసుకో, పెళ్లికో బయల్దేరినవాళ్లు. ప్రమాదమని తెలిసే బండి తీస్తున్నానని వాళ్ల చేత ఎవరూ రాయించుకోలేదు. తీరా అందరూ ఒకే దిక్కుకు పోయే, ఎదురు బండి అన్నదే రాని, అంబులెన్సు సిద్ధంగా నిలబెట్టిన 3.7 కిలోమీటర్ల చోటికి వచ్చాక మాత్రం మీరు నాకు మరణం గుర్తుచేస్తారు.

అందుకని మిమ్మల్ని డెప్యుటేషన్ మీద రోడ్ల మీదికి పంపాలని నా విన్నపం. ప్రతి టోల్ ప్లాజాలో, ప్రతి ఆర్టీఏ ఆఫీసులో ఎనిమిది వేసి లైసెన్సు తీసుకునే ప్రతివాడి చేత సంతకం పెట్టించండి. భాష నేను చూసుకుంటాను: "వాన నీళ్ల కింద గుంత ఉందో, మూతలేని మ్యాన్‌హోల్ ఉందో తెలియకపోవడం ఈ క్రీడలో భాగమని అంగీకరిస్తున్నాను. రాత్రికి రాత్రి మొలిచిన స్పీడ్ బ్రేకర్‌కు రంగు వేయడం ఎవరి బాధ్యతా కాదని తెలుసుకున్నాను. ఎడమకు ఇండికేటర్ వేసి కుడికి తిరిగిన ఆటోను క్షమిస్తున్నాను. ఎదురుగా ఊరేగింపు వస్తే నేనూ, నా వారసులూ పక్కకు ఆగుతాం."

అక్కడికి వెళ్లేటప్పుడు మీ జతగాడు, బండ్లు తనిఖీ చేసే స్క్రూటినీర్‌ను కూడా తీసుకెళ్లండి. ఆయన్ని చూస్తే నాకు మీకంటే భయం. మాటా పలుకూ ఉండదు. మోకాళ్ల మీద కూర్చుని చైను కింద వేలు పెట్టి పైకీ కిందికీ ఆడిస్తాడు. థ్రాటిల్ పూర్తిగా తిప్పి వదిలేస్తాడు, అది టప్పున వెనక్కి రాకపోతే మొహం మాడ్చుకుంటాడు. ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ కుదిపి హ్యాండిల్ దగ్గర ఏదైనా కదులుతోందేమో వింటాడు. అద్దాలు విప్పించి, పడితే గాజు ముక్కలు ట్రాక్ మీద చెల్లాచెదురు కాకుండా హెడ్‌లైట్‌కు టేపు అంటించమంటాడు. హెల్మెట్ తిరగేసి స్ట్రాప్ చివర రెండు రింగులు ఉన్నాయో లేదో చూస్తాడు. అన్నీ నచ్చితే చిన్న స్టిక్కరు. ఆ స్టిక్కరు అంటించిన క్షణంలో కలిగే ఆనందం నాకు ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చినప్పుడు కూడా కలగలేదు. నా బండి జీవితంలో దాన్ని అంత శ్రద్ధగా చూసినవాడు ఇంకొకడు లేడు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యాన్‌వాడు నంబర్ ప్లేటు ఫోటో తీసుకుని పొమ్మన్నాడు.

తర్వాత బ్రీఫింగ్. పసుపు జెండా ఊపితే ముందు ఏదో ప్రమాదం ఉంది, స్పీడు తగ్గించు, ఓవర్‌టేక్ చేయకు. పసుపు మీద ఎర్ర చారలుంటే రోడ్డు జారుతోంది. ఎర్రజెండా అయితే సెషన్ ఆపేశారు, మెల్లగా బండ్లు నిలుపుకునే పిట్స్‌లోకి వచ్చేయ్. ఇవన్నీ విని తలలూపిన వాళ్లే, తెల్లారుజామున టీ కోసం ఆగిన ఊళ్లో రెడ్ సిగ్నల్ దాటేసి వచ్చినవాళ్లు. ట్రాక్ మీద మాత్రం చెయ్యెత్తి, వేలు చూపించి, పక్కకు జరిగి, బుద్ధిమంతుల్లా తోలతారు. మోకాలు నేలకు ఆనించాలన్న తాపత్రయం, ఆ ఫోటో కోసం వాట్సాప్ డీపీ ఖాళీగా ఉంచుకోవడం, అవన్నీ ఉంటాయనుకోండి. అయినా మలుపులో లోపలి నుంచి వచ్చి ఎవడైనా భయపెడితే పిట్స్‌లోకి వచ్చాక పదిమంది చుట్టుముడతారు. ఇంత నాగరికత ఆ 600 కిలోమీటర్లలో నాకు కనపడలేదు.

ఒకసారి నా ముందు పోతున్న కుర్రాడు ముందు టైరు జారి పడ్డాడు. బండి ఒకవైపు, వాడొకవైపు జారుకుంటూ కంకరలోకి పోయారు. వాడు లేచి కూర్చుని, చేతులూ కాళ్లూ చూసుకోకుండా, బండి ఎటు పోయిందా అని మెడ తిప్పి వెతుక్కున్నాడు. నేను ఆ మలుపు దాటేలోపే పసుపు జెండా, ఇంకో ల్యాపు కాకముందే ఎర్రజెండా. మార్షళ్లు ఇద్దరు వాణ్ణి పట్టుకుని టైర్ల గోడ అవతలికి తీసుకెళ్లారు, డాక్టరు వచ్చి మెడ, భుజం నొక్కి చూశాడు. చీలమండ వాచింది, అంతే. మధ్యాహ్నం సాంబారన్నం తింటూ క్లచ్ లివర్ ధర గురించి బాధపడుతున్నాడు. తోలు సూటు భుజం దగ్గర అరిగిపోయి కింద పసుపు నురుగు కనబడుతోంది. ఆ అరుగుడు రోడ్డు మీదైతే చర్మానికి పట్టేది.

ఇదంతా మీకు చెప్పడం ఎందుకంటే, మీరు లేనిచోట కూడా రేసులు జరుగుతూనే ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 11న మా హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు పెట్టారు, వెర్న్ గెలిచాడు, ఊరంతా సంబరపడింది. 2024లో జరగాల్సిన రేసు రద్దయింది. సైలెన్సర్ పీకేసిన బండ్ల మీద కుర్రాళ్లు అర్ధరాత్రి పెట్టుకునే రేసును రద్దు చేయడం మాత్రం ఎవరి వల్లా కావడం లేదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద రేసు పెడితే మొదటిసారికి 5,000 రూపాయల దాకా జరిమానానో, మూడు నెలల దాకా జైలో, రెండూనో. నాకు ట్రాక్ ఫీజు, సూటు అద్దె, పెట్రోలు, లాడ్జి, అరిగిన టైరు కలిపితే ఆ జరిమానాకు ఎన్నో రెట్లు. తప్పు చేసేవాడికి 5,000, పద్ధతిగా పోయేవాడికి నెల జీతంలో సగం. ఈ లెక్క చూసి ఆ కుర్రాళ్లు ఇటు వస్తారని ఆశపడటానికి నాకు మనసొప్పడం లేదు.

చివరగా మీ ఫారంలో చిన్న సవరణలు. అడ్రస్ గడి రెండు వేళ్ల వెడల్పు పెట్టారు. "పోచమ్మ గుడి వెనక, పాత రేషన్ షాపు ఎదురుగా" అని రాయందే మా ఇంటికి ఎవరూ రాలేరు, అంబులెన్సు వాళ్లకైతే అసలు దొరకదు. రెండోది, ఎమర్జెన్సీ కాంటాక్ట్. పిట్స్ వెనక బండ్లు పెట్టుకునే ఆ ప్యాడాక్‌లో ఉన్న పెళ్లైన మగవాళ్లలో సగం మంది ఇంట్లో 'ఆఫీసు పని మీద మద్రాసు' అని చెప్పి వచ్చినవాళ్లే. భార్య నంబరు రాయమంటే ఎలా రాస్తారు? అందుకే నేను నాతో వచ్చిన దోస్తు, మావగాడి నంబరు రాస్తాను, వాడు నా నంబరు రాస్తాడు. సాక్షి సంతకాలూ అంతే, "మావా, ఇక్కడ ఒకటి గీకు" అంటే అయిపోతుంది. ఇద్దరం ఒకే గ్రూపులో ఒకేసారి ట్రాక్ మీదికి పోతాం. అప్పుడు ఏదైనా జరిగితే మీరు ఫోన్ చేయండి, పిట్స్‌లో బ్యాగులో ఉన్న రెండు ఫోన్లూ చక్కగా మోగుతాయి. కాబట్టి ఎమర్జెన్సీ కాంటాక్ట్ ఆ సమయానికి నేల మీద నిలబడి ఉన్న మనిషే అయి ఉండాలని ఒక షరతు పెట్టండి.

ఇట్లు,
తమ విధేయుడైన పార్టిసిపెంట్
బ్లడ్ గ్రూపు: బి పాజిటివ్
సాక్షి సంతకం: వాడు ట్రాక్ మీద ఉన్నాడు, సెషన్ అయ్యాక వచ్చి పెడతాడు