లీజు మీద నాలుగు సంతకాలు

ఇంగ్లండ్‌లో మన తెలుగువాళ్ళ ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం అయ్యాక స్టేజీ మీద, మన క్రికెట్ క్లబ్బు గ్రౌండులో కట్టాలనుకున్న పెవిలియన్ (బట్టలు మార్చుకునే గదులు, టాయిలెట్లు) సంగతి చెప్పారు. "పెవిలియన్‌కి గ్రాంట్ రాలేదు. మనవాళ్ళంటే ఇక్కడ ఇంతే" అన్నారు. హాలంతా అవునవునంది. నాకు పులిహోర గొంతు దిగలేదు. గ్రాంట్ ఇవ్వలేమన్న ఉత్తరం నేను చదివాను. అందులో ఉన్న కారణం ఒక్కటే, గ్రౌండు మీద మనకి లీజు లేదు.

మనకున్నది ఏడాదికోసారి రెన్యువల్ చేసుకునే లైసెన్సు. అది ఆడుకోవడానికి అనుమతి మాత్రమే, స్థలం మన స్వాధీనంలో ఉన్నట్టు కాదు. ప్రభుత్వ డబ్బు, లాటరీ డబ్బు పంచే స్పోర్ట్ ఇంగ్లండ్ లాంటి సంస్థలు కట్టడాలకు నిధులిచ్చేటప్పుడు ముందుగా చూసేది ఇదే. జనం డబ్బుతో గదులు కట్టాక వచ్చే ఏడాది మనల్ని ఖాళీ చేయమంటే? అందుకే మొత్తం పెరిగేకొద్దీ లీజు గడువూ ఎక్కువ అడుగుతారు. ఇందులో నాకు అన్యాయం కనిపించలేదు.

గ్రౌండు సొంతదారైన స్థానిక కౌన్సిల్ వల్ల కూడా ఆలస్యమైంది, నిజమే. ఏడేళ్ళు దాటిన లీజు ఇవ్వాలంటే 1972 స్థానిక ప్రభుత్వ చట్టం కింద తగిన ధర వస్తోందో లేదో వాళ్ళు చూసుకోవాలి. పార్కు లాంటి బహిరంగ స్థలమైతే వరసగా రెండు వారాలు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. అదంతా అయి 25 ఏళ్ళ లీజు డ్రాఫ్టు వచ్చింది. వచ్చి రెండేళ్ళయింది. మన దగ్గరే ఉంది.

పోయిన జూలైలో మా అమ్మాయికి అండర్-13 మ్యాచ్. కారు వెనక సీట్లో బట్టలు మార్చుకుంటుంటే మా ఆవిడ కిటికీకి చున్నీ అడ్డం పట్టుకుంది. గాలికి అది ఎగిరిపోతుంటే రెండో అంచు నేను పట్టుకున్నాను. అవతలి జట్టు పిల్లలు పక్కనుంచే వెళ్తున్నారు. మధ్యాహ్నానికి పిల్ల నీరసంగా కూలబడింది. గ్రౌండులో టాయిలెట్ లేదని పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదట.

మా దివిసీమలో మినుము తీసేశాక ఆసామి చేలో వికెట్లు పాతేవాళ్ళం. ఆయన "ఆడుకోండ్రా" అంటే చాలు, కాగితం ఎవరడిగారు? ఆ మాటంటే నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ ఆయన పోయాక కొడుకులు ఆ చేను రొయ్యల చెరువు చేశారు. ఆ వేసవితో మా ఆట ఆగిపోయింది.

మన క్లబ్బు కంపెనీ లాగా సొంత పేరు మీద ఆస్తి పెట్టుకోగల సంస్థగా రిజిస్టర్ కాలేదు కాబట్టి లీజు దాని పేరు మీద రాయడం కుదరదు. క్లబ్బు తరఫున ఆస్తి చూసుకునే ట్రస్టీలుగా నలుగురికి మించకుండా సభ్యుల పేర్ల మీద రాయాలి. ఆ మాట రాగానే మీటింగులో అందరూ తలలు దించుకున్నారు. రేపు రిపేర్ల బాకీ మన ఇంటి మీదికి వస్తుందేమోనన్న టెన్షన్ నాకూ ఉంది, నాకూ మార్ట్‌గేజ్ ఉంది. అయితే బాధ్యత క్లబ్బు ఆస్తుల వరకే ఉండేలా లీజులో రాయమని అడగవచ్చు. దానికి ఒక లాయరు చాలు. దీపావళి నైట్‌కి సింగర్ కోసం చందాలు వేసుకున్న మనం లాయరు ఫీజు వేసుకోలేమా? దయచేసి ఈసారి వాయిదా వేయకండి. మళ్ళీ సీజన్ మొదలయ్యేలోపు సంతకాలు కావాలి.

సెక్రటరీ గారి దగ్గరున్న కాగితం మీద మొదటి పేరు నాది రాసి వచ్చాను. కింద ఇంకా మూడు గీతలు ఖాళీగా ఉన్నాయి.