నాలా నీటి సంగతి తేల్చేది టీడీఎస్ మీటరు కాదు

వానాకాలం వచ్చిందంటే ఫోన్లలో ఒక వాదన తిరుగుతుంది: "నాలాలో మీటరు ముంచాం, టీడీఎస్ 500 లోపే ఉంది. బోరు నీళ్లకన్నా నయం. చేపలూ బతుకుతున్నాయి. కాలుష్యమనేది వట్టి ప్రచారం." ఇది తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. దీన్ని నమ్మి బస్తీలోకి వచ్చిన నాలా నీళ్లలో పిల్లల్ని ఆడనిచ్చేవాళ్లు ఉంటారు.

ముందు ఆ 500 సంగతి. టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న ఘనపదార్థాల మొత్తం, లీటరుకు మిల్లీగ్రాముల్లో. మీటరు కొలిచేది నీటి విద్యుత్ వాహకతను. దాన్ని ఒక గుణకంతో హెచ్చించి అంకె చూపుతుంది. గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు వేస్తే అంకె అమాంతం పెరుగుతుంది. రెండు చెంచాల చక్కెర కరిగించినా దాదాపు కదలదు. మలంలోని సేంద్రియ పదార్థమూ బ్యాక్టీరియా కూడా అంతే, మీటరుకు చిక్కవు. టీడీఎస్‌కు 500 హద్దు పెట్టిన తాగునీటి ప్రమాణమే, 100 మిల్లీలీటర్లలో మలంలో ఉండే బ్యాక్టీరియా ఈ-కోలి ఒక్కటి కూడా కనిపించకూడదని చెబుతోంది. ఆ మాట ఎందుకు వదిలేశారు?

మురుగును పట్టించేది బీఓడీ: ఆ మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి కొలుస్తారు. స్నానానికి పనికొచ్చే నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. శుద్ధి చేయని ఇళ్ల మురుగులో వందల్లో ఉంటుంది. కరిగిన ఆక్సిజన్ ఉందో లేదో నాలా గట్టునే తెలుస్తుంది. 300 మిల్లీలీటర్ల సీసాను బుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేటు, క్షార అయోడైడు ద్రావణాలు కలపాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే తెల్లగా దిగుతుంది.

చేపల సాక్ష్యం చెల్లదు. కొర్రమీను, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పైకొచ్చి గాలి పీల్చుకుని బతకగలవు.

ఇక వాన వెలిసాక ముంచిన ఒక్క చెంబు నీళ్లతో నాలా మొత్తానికి తీర్పు చెప్పడం అన్నిటికన్నా అన్యాయం. హైదరాబాదులో కూకట్‌పల్లి నాలా ఇళ్ల మురుగుతో పాటు పారిశ్రామిక వాడల వ్యర్థాలనూ హుస్సేన్‌సాగర్ వైపు మోసుకొచ్చిన కాలువ. అలాంటి చోట ఉదయపు మురుగు వేరు, రాత్రి వదిలే వ్యర్థం వేరు. 24 గంటల పాటు నమూనాలు తీసి, ప్రవాహాన్ని బట్టి కలపాలి. సీఓడీ (మలినాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్), లోహాలు విడిగా చూడాలి. వాన నీరు గాఢతను పలచబరుస్తుందే కానీ, చెరువులో చేరే మలినాల మొత్తం బరువును తగ్గించదు.

నిజానికి ఆ మీటరుకూ నాలా దగ్గర పని ఉంది. వాన లేని రాత్రి అంకె ఉన్నట్టుండి రెట్టింపైతే, ఎగువన ఎవరో లవణాలున్న వ్యర్థజలం వదిలారేమోనని అనుమానించాలి. పరీక్షకు సీసా నింపాల్సింది ఆ క్షణంలోనే.