ముందు ఫిర్యాదు రాసుకోండి!
బెంగళూరు మారతహళ్లిలో మా పక్కింటి పిన్నిగారి మెడలో గొలుసు తెంపుకుపోయారు. మెడ మీద ఎర్రటి గీత ఇంకా మానలేదు. స్టేషన్‌కి వెళ్తే ఏమన్నారు? "ఆ వీధి మా పరిధిలోకి రాదు" అని! రోడ్డుకి ఇటువైపు ఒక స్టేషనట, అటువైపు ఇంకోటట. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే నేర విచారణ పద్ధతుల చట్టం) 173వ సెక్షన్ ఏం చెబుతోంది? ఇలాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలనే కదా! జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే. మహిళల భద్రతకని పెట్టిన నిర్భయ నిధితో సేఫ్ సిటీ పథకం కింద ఊరంతా వేల కెమెరాలు పెట్టారు, మంచిదే. ఫిర్యాదే రాసుకోకపోతే ఆ ఫుటేజీ ఎవరు తీసి చూస్తారు? కన్నడ సరిగా రాని పెద్దావిడని అటూ ఇటూ తిప్పుతారా? ముందు రాసుకోండి, పరిధి సంగతి తర్వాత మీరూ మీరూ తేల్చుకోండి!