గేదెలూరి మంచు, మా ఇంటి వంజరం

కార్తీకమాసం వెళ్ళాక వచ్చిన మొదటి ఆదివారం పొద్దున్నే నేను ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. సంగతేంటంటే దీపావళికి ముందురోజు సాయంత్రం విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వంజరం బాగుందని కిలోన్నర ముక్కలు కొట్టించి తెచ్చా, రేపు వండుకుందాంలే అని. మా ఆవిడ కేలెండర్ వైపు చెయ్యి చూపించి "రేపు పండగ, ఎల్లుండి నుంచి కార్తీకం, ఇప్పుడేం చేస్తారు దీన్ని, నెత్తిన పెట్టుకుంటారా" అంది. నెత్తిన పెట్టుకోలేక నల్ల కవర్లో చుట్టి ఫ్రీజర్లో అడుక్కి తోసేశా. అమ్మకి మాత్రం అది కోరిన కొబ్బరి అని చెప్పాం. ఆవిడ నెల్రోజులూ తెల్లారుజామున తులసికోట దగ్గర దీపం పెట్టొచ్చి, సరిగ్గా ఆ ఫ్రీజర్ కిందున్న పాలగిన్నె తీసుకుని కాఫీ కలుపుకుంది. పాపం ఊరికే పోతుందా.

తలుపు తీస్తే లోపల ఫ్రీజర్ లేదు, మంచుంది. నాలుగు పక్కల్నుంచీ పెరిగీ పెరిగీ మధ్యలో గుప్పెడంత గుహ మిగిలింది, ఆ గుహలో ఐస్ ట్రే మూతి ఒకటి, దాని వెనకాల నల్ల కవరు చెవి ఒకటి, అంతే. చెవి పట్టుకుని లాగా. చెవి ఊడొచ్చింది, కవరు రాలేదు.

సరిగ్గా అప్పుడే బఫెలో నుంచి మా చెల్లెలి వీడియో కాల్. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఊరది. మా అమ్మ మాత్రం బఫెలో అంటే గేదె కదా అని మొదట్నుంచీ దాన్ని గేదెలూరు అనే అంటుంది, పక్కింటి వాళ్ళకి కూడా అలాగే చెప్పింది, వాళ్ళు చాలా కాలం మా బావకి అక్కడ డెయిరీ ఉందనుకున్నారు. (చెల్లెలి మొగుడు నాకన్నా చిన్నోడే, అయినా మాకు బావే, అతనికి నేనూ బావనే, ఫోన్లో మేమిద్దరం బావా బావా అనుకుంటుంటే వానాకాలం చెరువుగట్టున ఉన్నట్టుంటుందని మా అబ్బాయి అంటాడు.)

అక్కడ శనివారం రాత్రి పదిన్నర. బావ అప్పుడే బయట మంచెత్తి లోపలికొచ్చాడు, ముక్కు టమాటాలా ఉంది. "నడుం పోయింది బావా, ఎత్తిన చోటే మళ్ళీ పడుతోంది" అన్నాడు. అసలు ఆ ఊరికే ఎందుకంత పడుతుందో కూడా చెప్పాడు, పక్కనే ఈరీ అని సముద్రమంత సరస్సుంది, నవంబర్లో నీళ్ళింకా కాస్త వెచ్చగానే ఉంటాయి, పైనుంచి చల్లగాలి ఆ నీళ్ళ మీదుగా వచ్చి తేమంతా పీల్చుకుని తీసుకొచ్చి ఒడ్డున ఉన్నవాళ్ళ నెత్తిన మంచుగా కుమ్మరిస్తుంది, లేక్ ఎఫెక్ట్ అంటారట. 2022 నవంబర్లో వాళ్ళకి దగ్గర్లోనే ఆర్చర్డ్ పార్క్ అనే చోట ఆరున్నర అడుగుల పైన పడింది, అంటే నన్ను నిలబెట్టి కప్పేసి పైన ఇంకో అడుగు మిగుల్తుంది.

వింటుంటే నాకు బుర్ర వెలిగింది. మాది ఎంవీపీ కాలనీ, బాల్కనీలోంచి చూస్తే సముద్రం కనపడదు గానీ సముద్రం చేసే పనులన్నీ కనపడతాయి, గ్రిల్స్ తుప్పు, బైక్ సైలెన్సర్ తుప్పు, ఉప్పుడబ్బాలో ఉప్పు నీరు. మా ఫ్రిజ్ పదకొండేళ్ళ సింగిల్ డోర్, దాని రబ్బరు ఒక మూల చిరిగి ఏడాదయింది. ఆ చిరుగులోంచి తడిగాలి రోజంతా లోపలికెళ్ళడం, చల్లటి రేకు మీద గడ్డకట్టడం. అది లేక్ ఎఫెక్ట్ అయితే ఇది బంగాళాఖాతం ఎఫెక్ట్. బావకి ఫోన్ తిప్పి ఫ్రీజర్ చూపించాను. చలికాలం రాత్రి పదహారు పదిహేడు డిగ్రీలకి మంకీ క్యాప్ పెట్టుకుని తిరిగే ఊరి నుంచి ఈ సీన్ చూసి బావ కాసేపు మాట్లాడలేదు.

తర్వాత మాట్లాడటం మొదలుపెడితే ఆగలేదు. ఎన్నేళ్ళ నుంచో ఎవరూ అడగని సబ్జెక్టులో పీహెచ్‌డీ చేసినవాడికి స్టూడెంట్ దొరికినట్టయింది. కారు అద్దం మీద వేడినీళ్ళు పొయ్యకూడదు, పగిలిపోద్ది. రాత్రి గడ్డకట్టే చలైతే కుళాయి సన్నగా కారుతూ వదిలెయ్యాలి, లేకపోతే గోడలో పైపు పగులుద్ది. మంచులో ఇరుక్కుపోయిన కార్లో ఇంజన్ ఆన్‌లో పెట్టి కూచోకూడదు, సైలెన్సర్ మూసుకుపోయి పొగ లోపలికొస్తే నిద్రలోనే పోతారు. అంతకుముందు షికాగోలో ఉండేవాళ్ళు కదా, అక్కడైతే ఇంటి ముందు రోడ్డు మీద మంచెత్తి కారుకి చోటు చేసుకున్నాక, కారు తీసుకెళ్ళేటప్పుడు ఆ చోట్లో ఒక పాత కుర్చీ పెట్టిపోతారంట, ఇంకెవడూ పెట్టుకోకూడదు, చట్టమేం కాదు, కట్టుబాటు. మా అమ్మకి అన్నిట్లోకీ ఇదొక్కటే అర్థమైంది, "ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు" అంది.

"సరే బావా, ఇంతకీ నా సంగతేంటి" అంటే "ఉప్పు" అన్నాడు. రోడ్ల మీద లారీలతో ఉప్పు చల్లుతారంట, ఉప్పు కలిస్తే సున్నా డిగ్రీల దగ్గర కూడా నీళ్ళు గడ్డకట్టవు, మంచు దానంతటదే కరుగుద్ది. కార్ల అడుగుభాగం తుప్పు పట్టడం దానికి వడ్డీ. డబ్బులు పెట్టి మరీ ఆ తుప్పు తెచ్చుకుంటున్నారు, మాకిక్కడ ఊరికే వస్తోంది. బావ ఇంకా చెప్తున్నాడు, "కానీ బావా మైనస్ పది దాటితే మామూలు ఉప్పు పనిచెయ్య..." ఇంతలో బొమ్మ ఆగిపోయింది, బావ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఇంకోటేదో కూడా చెప్పబోయాడు, "మెటల్" అన్నమాట వరకూ వినపడింది. నేను పట్టించుకోలేదు.

అర కేజీ రాళ్ళుప్పు కొట్టాను. ఫ్రిజ్ ఆపలేదు, పాలు విరిగిపోతాయని. ఇప్పుడాలోచిస్తే మంచు కరిగించాలనుకునేవాడు మంచు తయారుచేసే మిషన్ ఆన్‌లో ఉంచడమేంటో నాకే తెలీదు. పది నిమిషాలకి తలుపు దగ్గరున్న మంచు కొంచెం కారింది, లోపలున్నది నవ్వుతూ అలాగే ఉంది. ఆ కారిన ఉప్పునీళ్ళు కింద మూతలేని పెరుగులోకి, అక్కణ్ణుంచి కూరగాయల ట్రేలోకి వెళ్ళాయి.

పై ఫ్లాట్‌లో మిలిటరీ చేసి రిటైరైన మాస్టారున్నారు. గోల విని కిందకొచ్చారు. చూసి "మా ద్రాస్‌లో ఇలాగే ఉండేది" అన్నారు, కార్గిల్ దగ్గర ఊరది. ఆయన చెప్పిందాంట్లో నాకు పనికొచ్చేది ఒక్కటీ లేదు గానీ వినడానికి బావుంది. చలికాలం మంచుకి జోజిలా కనుమ మూసుకుపోయేది కాబట్టి నెలల సరుకు ముందే పైకి చేర్చి పెట్టుకునేవారంట. కశ్మీరోళ్ళయితే డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు, చిల్లై కలాన్ అంటారు, ఆ రోజుల కోసం సొరకాయ, వంకాయ, టమాటా ఎండబెట్టి దాచుకుంటారు, మన ఒరుగుల్లాగే. పొడుగు చొక్కాలోపల నిప్పుల కుంపటి, పేరు కాంగ్డీ, పెట్టుకుని తిరుగుతారు. ఇంటికప్పు ఏటవాలుగా రేకుతో వేస్తారు, మంచు దానంతటదే జారిపోవాలని. "బరువుండనివ్వకూడదయ్యా మంచుని, మనిషైనా ఇల్లైనా" అని ఫ్రిజ్ భుజం తట్టి, సోఫాలో కూచుని కాఫీ అడిగారు. కాఫీ ఉప్పగా వచ్చింది. ఆయన క్రమశిక్షణ కలిగిన మనిషి, తాగేశారు.

మా అబ్బాయి ఫోన్లో జపాన్ పెట్టాడు. నీగాటా వైపు నాగఓకా అని ఊరుంది, అక్కడ రోడ్డు మధ్యలో వరసగా కన్నాలు పెట్టి భూమిలోంచి నీళ్ళు చిమ్ముతారు, బోరునీళ్ళు చలికాలం కూడా పదమూడు పద్నాలుగు డిగ్రీలుంటాయి కాబట్టి పడిన మంచు పడినట్టే కరిగిపోద్ది. 1960ల నుంచీ ఇదే పద్ధతి. ఆ నీళ్ళల్లో ఇనుముండి రోడ్లన్నీ తుప్పురంగుకి తిరిగుంటాయి, చూస్తే మా వీధి కుళాయి కింద గచ్చే గుర్తొచ్చింది. పదమూడు డిగ్రీలకే అంత కరిగితే గీజర్ నీళ్ళకి ఎంత కరగాలి? మగ్గుతో కొట్టాను. కరిగింది, కాదన్ను. కానీ జపాన్ వాడు రోడ్డు పక్కన కాలవ తవ్వుకున్నాడు, నేను తవ్వుకోలేదు. వంటింట్లో చీలమండ లోతు నీళ్ళు. మా ఆవిడ హుద్‌హుద్ అప్పుడు కూడా ఇల్లు ఇలా లేదంది, అది నిజం, 2014 అక్టోబర్లో అంత గాలికి కిటికీ అద్దాలు పోయాయి గానీ వంటిల్లు పొడిగానే ఉంది.

ఇక నాకు పౌరుషం వచ్చింది. వంజరం కవరు ఇప్పుడు సగం బయటకుంది, అడుగొక్కటే పట్టుకుని ఉంది. అట్లకాడ తీసుకున్నా. సన్నగా, పదునుగా, చేతికి పట్టుగా, దోసె అంచు లేపినట్టు లేపుదామని కవరు కిందకి తోసి ఒక్క నొక్కు నొక్కాను.

బుస్స్ మంది.

పామనుకుని అమ్మ సోఫా ఎక్కింది. మాస్టారు "లైట్లు ముట్టుకోవద్దు, స్టవ్ వెలిగించొద్దు, కిటికీలు తియ్యండి" అని ఆర్డర్ వేశారు. ఆ శబ్దం నిమిషం పాటు వచ్చి, చివర్లో ఉఫ్ అని ఊపిరి వదిలినట్టు ఆగింది. పదకొండేళ్ళ కాపురం.

మెకానిక్కి మద్దిలపాలెం నుంచి రావడానికి గంట పట్టింది. వచ్చి వంగి చూసి, నన్ను చూసి, "కత్తా సార్, స్క్రూడ్రైవరా?" అనడిగాడు.

"అట్లకాడ."

"అట్లకాడ ఇదే ఫస్టు" అని రాసుకున్నట్టే తలూపాడు. "ఇది అల్యూమినియం రేకు సార్, గేస్ లైన్ దీన్లోంచే పోతాది, కన్నం పడిపోనాది. శీతాకాలం మొదలైతే ఆదివారాలు మాకివే కేసులు." తర్వాత లోపల తిప్పే నాబ్ మధ్యలో ఉన్న చిన్న ఎర్ర బటన్ మీద వేలు పెట్టి "దీన్నేటనుకున్నారు?" అన్నాడు.

పదకొండేళ్ళుగా అది బల్బు తాలూకు బటన్ అనుకున్నాం. ఎందుకు అలా అనుకున్నామో, బల్బు పోయినా ఒక్కసారి కూడా ఎందుకు నొక్కలేదో అడక్కండి.

"ఇది డీఫ్రాస్ట్ సార్. రాత్రి నొక్కి తొంగుంటే పొద్దుటికి మొత్తం నీరైపోద్ది, నీరు ఎనకాల ట్రేలోకి పోద్ది. లేదంటే సుచ్చాపేసి తలుపు తీసొగ్గేస్తే సాలు, అదే కరుగుద్ది. ఏటి సేయక్కర్నేదు." ఏమీ చెయ్యక్కర్లేదన్న మాట అంత బాధగా ఎప్పుడూ వినలేదు. వెల్డింగు, గేస్, కొత్త రబ్బరు కలిపి రెండువేల ఎనిమిది వందలు, ఫ్రిజ్ షాపుకి పంపాలి, నాలుగు రోజులు. కిలోన్నర వంజరం అయిదువందల అరవై చొప్పున కొన్నాను, ముక్క ఎంత పడిందో మా ఆవిడ అక్కడే ఫోన్లో లెక్కేసి చూపించింది.

ఫ్రిజ్ లేదు కాబట్టి మొత్తం ఆ పూటే వండాలి. సగం పులుసు పెట్టి సగం వేపాం. మిగిలింది పై ఫ్లాట్ వాళ్ళ ఫ్రిజ్‌లో పెడదామంటే, మాస్టారి భార్య మార్గశిరం గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మొక్కుకున్నారు, నెలంతా ఇంట్లోకి నీచు రానివ్వరు. మాస్టారు మాత్రం మా ఇంట్లోనే తిన్నారు, ఆ విషయం ఇక్కడితో ఆపేస్తాను.

తింటుండగా బావ ఫోటో పంపాడు. రాత్రి వాళ్ళకి కరెంట్ పోయిందంట, ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ తీసి వెనక వరండా బయట మంచులో గుచ్చేశారు. పాలకేను, పెరుగు డబ్బా, గోంగూర పొట్లాలు, మెడ వరకూ మంచులో కూరుకుపోయి వరసగా నిలబడున్నాయి. కింద ఇంకో మెసేజ్: "బావా నిన్న లైన్ కట్టయింది, మెటల్‌తో మాత్రం గీకకు."

అమ్మకి చూపించాను. కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూసింది, "గేదెలూరు చల్లగా ఉండాలి" అంది. తర్వాత కంచం నా వైపు జరిపి, "ఆ కొబ్బరి పులుసు ఇంకో ముక్క వెయ్యరా, తోక వైపుది" అంది.